కడప నుంచి జెనీవాకు అర్జీ: ఐరాస హక్కుల సమీక్ష ఎంతవరకు పనికొస్తుంది

స్వలింగ సంబంధాలను నేరం కింద కట్టే చట్టాల మీద ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫీజు లేదు, స్టాంపు లేదు, వకీలు ఉండి తీరాలన్న షరతు లేదు. ఇంటర్నెట్, ఇంగ్లీషులో నాలుగు పేజీలు శుభ్రంగా రాయగల మనిషి ఉంటే పని మొదలుపెట్టొచ్చు. చిక్కంతా ఎక్కడంటే, ఐరాస హక్కుల కార్యాలయాలున్న జెనీవాలో ఉన్నది ఒక్క కిటికీ కాదు, నాలుగు. ఒక కిటికీకి పోవాల్సిన కాగితం ఇంకో కిటికీకి పోతే అక్కడే ఆగిపోతుంది. పంపినవాళ్లు మాత్రం జవాబు వస్తుందని నెలల తరబడి చూస్తూ కూర్చుంటారు. ఆ నాలుగింటిలో ఏది దేనికి పనికొస్తుందో, ఏది మనకు పనికిరాదో కడప వైపు నుంచి చూసి ఇక్కడ చెబుతున్నాం.

కడప వైపు నుంచి చూడటానికి గట్టి కారణం ఉంది. మన దగ్గర స్వలింగ సంబంధాలను నేరం చేసిన 377వ సెక్షన్ పోయింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఆ సెక్షన్ 1862 జనవరి 1 నుంచి దత్తమండలాల్లోనూ అమలైంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వక సంబంధాల మేరకు దాన్ని కొట్టేసింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. కానీ రాయచోటి నుంచో రాజంపేట నుంచో బయలుదేరి కువైట్‌లో దిగిన మనిషి మళ్లీ అలాంటి చట్టం కిందికే పోతాడు. అక్కడి శిక్షాస్మృతి 193వ అధికరణం ప్రకారం 21 ఏళ్లు నిండిన ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసినా ఏడేళ్ల దాకా జైలు. ఇంటి డ్రైవరుగా ఖాదిం (ఇంటిపని) వీసా మీద పోయినా, కంపెనీలో పనికి పోయినా చట్టం ఒకటే. ఆడవాళ్ల ప్రస్తావన ఆ అధికరణంలో లేదు. అయినా ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, పోయిన ఆమె మీద మాట వచ్చిందంటే కోర్టు దాకా పోకుండానే దేశం నుంచి పంపించేసే అధికారం అక్కడి హోంశాఖకు ఉంది. ప్రపంచంలో ఇలాంటి చట్టాలున్న దేశాలు ఇంకా 60కి పైనే. దూరం లెక్కన కాకపోయినా, బతుకుతెరువు లెక్కన ఉమ్మడి కడప జిల్లాకు వాటిలో దగ్గరిది కువైట్.

మొదటి కిటికీ సార్వత్రిక ఆవర్తన సమీక్ష. అందరూ యూపీఆర్ అంటారు. 2006లో ఐరాస సర్వప్రతినిధి సభ మానవ హక్కుల మండలిని ఏర్పాటు చేసినప్పుడు దీన్ని పెట్టారు. సమీక్షలు 2008 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. మొట్టమొదటి విడతలోనే భారత్ వంతు వచ్చింది. 193 సభ్యదేశాలూ ఒకదాని తర్వాత ఒకటి, నాలుగున్నర అయిదేళ్లకోసారి, మిగతా దేశాల ముందు కూర్చుని జవాబు చెప్పాలి. ఏడాదికి మూడు సమావేశాలు, సమావేశానికి 14 దేశాలు. ఏ ఒడంబడిక మీద సంతకం పెట్టారు, ఏది పెట్టలేదు అన్న ప్రశ్న ఇక్కడ లేదు. సౌదీ అరేబియా, యుఏఈ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరనే లేదు. అవి కూడా ఈ సమీక్షకు రావాల్సిందే. దీని అసలు బలం ఇక్కడే ఉంది.

ఒక దేశానికి ఇచ్చే సమయం మూడున్నర గంటలు. అందులో 70 నిమిషాలు ఆ దేశం చెప్పుకోవడానికి, 140 నిమిషాలు మిగతా దేశాలు అడగడానికి. అడిగే దేశాలు వందకు అటూ ఇటూ ఉంటే ఒక్కోదానికి నిమిషం చిల్లర మిగులుతుంది. ఆ నిమిషంలో ఒక దేశ ప్రతినిధి పలకరింపు పోను రెండు మూడు సిఫారసులు చదువుతాడు. మనం పంపే కాగితం లక్ష్యమల్లా ఆ రెండు మూడింటిలో ఒకటి కావడమే. ఇది మనసులో పెట్టుకుని రాసిన నివేదికకూ, అన్ని బాధలూ కుమ్మరించిన నివేదికకూ ఫలితంలో చాలా తేడా వస్తుంది.

సమీక్ష ముందు బల్ల మీద మూడు కాగితాలుంటాయి. ఒకటి ప్రభుత్వం రాసుకున్నది. రెండోది ఐరాస సంస్థలు ఆ దేశం గురించి అప్పటికే చెప్పినవాటి కూర్పు. మూడోది సంఘాలూ పౌరసంస్థలూ పంపినవాటి సారాంశం. మనది చేరేది ఈ మూడోదాంట్లోకి. ఒక్క సంఘం పంపితే 2,815 పదాలు మించకూడదు. కొన్ని సంఘాలు కలిసి పంపితే 5,630. అడుగు పేజీ వివరణలు, అనుబంధాలు ఈ లెక్కలోకి రావు. వర్డ్ ఫైలుగా ఆన్‌లైన్ ఫారంలోనే పంపాలి. ఫొటోలు, మ్యాపులు అతికించకూడదు. మొదటి పేరాలో మీ సంఘం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పాలి. గడువు సమీక్షకు ఆరు నెలల ముందో, ఇంకా ముందో పడుతుంది. గడువు దాటాక ఒక్క రోజు ఆలస్యమైనా తీసుకోరు.

ఎక్కువగా జరిగే తప్పులు ఇవి. పాత సిఫారసులన్నీ తిరగరాసి పదాలు ఖర్చు చేస్తారు. అవన్నీ రెండో కాగితంలో ఎలాగూ ఉంటాయి. చట్టం నంబరు రాయకుండా వివక్ష ఉంది అని రాస్తారు. 193వ అధికరణం అని రాస్తే దాన్ని పట్టుకుని అడగొచ్చు. వివక్ష అని రాస్తే ప్రభుత్వం తమ రాజ్యాంగంలో సమానత్వం ఉందని చదివి కూర్చుంటుంది. చివరగా, గత సమీక్ష తర్వాత జరిగినవే లెక్క. పదేళ్ల కిందటి సంఘటన ఎంత ఘోరమైనదైనా సారాంశంలోకి రావడం కష్టం.

భాష విషయంలో ఈ సేవకు మేమిచ్చే మార్కులు తక్కువే. ఐరాస అధికార భాషలు ఆరింటిలోనే పంపాలి. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ అయితే మేలంటారు. తెలుగులో చెప్పుకోవడానికి దారి లేదు. జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల దినాన తెలుగులో చేత్తో రాసి ఇచ్చినా తీసుకుంటారు. ప్రపంచం మొత్తానికి పెట్టిన హక్కుల కిటికీ ఆ పాటి కూడా చేయదు. అనువాదానికి మనిషిని వెతుక్కునేటప్పుడు ఇంకో భయముంది. జిల్లా కేంద్రంలో టైపింగు సెంటరుకు తీసుకుపోయి ఇలాంటి కాగితం రాయించడమంటే నలుగురి నోట్లో పడటమే. నివేదికలో వ్యక్తుల పేర్లు, ఊర్ల పేర్లు లేకుండా ముందే తీసేసి, ఆ తర్వాత అనువాదానికి ఇవ్వండి.

పేర్ల గురించే ఇంకో మాట. యూపీఆర్‌కు పంపిన నివేదిక సంఘం పేరుతో సహా ఐరాస వెబ్‌సైట్‌లో పెడతారు. పేరు దాచి పంపే వీలు లేదు. చిన్న సంఘం ఒంటరిగా పంపడం కంటే పెద్ద సంఘాలతో కలిసి ఉమ్మడి నివేదికలో చేరడం క్షేమం. పదాలు కూడా రెట్టింపు వస్తాయి. సారాంశం బయటికొచ్చాక అడుగు వివరణల్లో ఉమ్మడి నివేదికలకు జేఎస్ 1, జేఎస్ 2 అని గుర్తులు వేస్తారు. మీ గుర్తు ఏ పేరాకు తగిలిందో వెతుక్కోండి. తగిలిన పేరాయే మీ సరుకు. ఎక్కడా తగలకపోతే మీ కాగితాన్ని వాడుకోలేదని అర్థం.

కాగితం పంపేసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. సిఫారసు చేసేవి దేశాలు, ఆ దేశాలకు రాయబార కార్యాలయాలున్నాయి. సమీక్షకు రెండు మూడు నెలల ముందు రెండు పేజీల ముక్క తయారు చేసి, సమీక్ష జరగబోయే దేశ రాజధానిలోని రాయబార కార్యాలయాలకు పంపాలి. భారత్ వంతు అయితే ఢిల్లీకి, కువైట్ వంతు అయితే అక్కడికి. మీరు అడగాలనుకున్న సిఫారసును వాళ్లు నేరుగా చదవగలిగే వాక్యంగా రాసివ్వండి. జెనీవాలోని యూపీఆర్ ఇన్ఫో అనే సంస్థ సమీక్షకు ముందు సంఘాలకూ దేశాల ప్రతినిధులకూ సమావేశాలు పెడుతుంది. అక్కడి దాకా పోలేకపోయినా, పోయేవాళ్లకు మీ వాక్యం అందించొచ్చు.

ఆ వాక్యంలో క్రియాపదమే ప్రాణం. రద్దు చేయండి అంటే జవాబు అవునో కాదో రావాలి. పరిశీలించండి అంటే ప్రభుత్వం పరిశీలిస్తున్నామని ఒప్పుకుని అయిదేళ్లు గడిపేస్తుంది. 2012లో భారత్ సమీక్షలో అర్జెంటీనా చేసిన సిఫారసు, స్వలింగ సంబంధాల నేరీకరణను తొలగించే అవకాశాన్ని అధ్యయనం చేయమని. అంత మెత్తని మాట తర్వాత ఏడాదిన్నరకే, 2013 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు ఢిల్లీ హైకోర్టు 2009 తీర్పును తోసేసి 377ను మళ్లీ నిలబెట్టింది. 2017 సమీక్షలో కొన్ని దేశాలు నేరుగా 377 తీసేయమన్నాయి. మన ప్రభుత్వం వాటిని ఆమోదించలేదు, నోట్ చేసుకుంది.

ఈ నోట్ చేసుకోవడం అన్న మాట అర్థం కాకపోతే యూపీఆర్ నివేదిక ఏదీ చదవలేరు. సిఫారసుకు ఒక ప్రభుత్వం రెండే జవాబులు చెబుతుంది. సపోర్టెడ్ అంటే ఒప్పుకున్నాం, చేస్తాం. నోటెడ్ అంటే విన్నాం. చేయము అన్నదానికి అదే మర్యాద పేరు. నివేదిక పేజీలో సిఫారసుల పట్టికను విడిగా దించుకోవచ్చు. అందులో దేశం, వాక్యం, జవాబు మూడూ వరుసలో ఉంటాయి. ముందు జవాబు వరుస చూసి తర్వాత వాక్యం చదవండి. వాక్యం మాత్రమే చూసి జెనీవా మన ప్రభుత్వాన్ని ఆదేశించింది అని కరపత్రాలు వేస్తే, అవతలివాళ్లు జవాబు వరుస చూపించి నోరు మూయిస్తారు.

మరి ఈ సమీక్ష వల్ల చట్టాలు పోయాయా? కొన్ని చోట్ల పోయాయి. నౌరూ, పలావ్, సావో తోమే ప్రిన్సిపే, సీషెల్స్ ఈ నాలుగూ 2011 సమీక్షల్లో ఒప్పుకుని, తర్వాత తమ చట్టాలు మార్చుకున్నాయి. సావో తోమే 2012లో, పలావ్ 2014లో, నౌరూ, సీషెల్స్ 2016లో. అన్నీ చిన్న దేశాలే. ఆ చట్టాలు వలస పాలకులు వదిలిపోయినవి, పట్టుకుని వేలాడేవాళ్లు తక్కువ, అడిగితే తీసేద్దామనే ప్రభుత్వాలు ఉన్నాయి. ఒప్పుకోవడానికి ఒక వేదిక కావాల్సి వచ్చింది, యూపీఆర్ ఆ వేదికైంది. ప్రభుత్వానికి మనసు లేని చోట ఈ సేవ ఒక్కటే చట్టాన్ని కదిలించలేదు. మన దగ్గర 377 పోయింది కోర్టులో. మన తెలుగువాళ్లు తరాలుగా ఉన్న మారిషస్‌లో 1838 నాటి శిక్షాస్మృతిలోని 250వ సెక్షన్‌కు కోరలు పీకింది అక్కడి సుప్రీంకోర్టు, 2023 అక్టోబరు 4న. సింగపూర్‌లో 377ఏ ను 2022లో రద్దు చేసింది పార్లమెంటు. కువైట్‌లోనే, ఆడ మగ వేషం మార్చుకున్నారని పట్టుకుపోవడానికి వాడిన 198వ అధికరణం భాగాన్ని 2022 ఫిబ్రవరి 16న కొట్టేసింది అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం. 193 మాత్రం అలాగే ఉంది. అందుకే మా మార్కులు: చట్టం మార్పించే సాధనంగా అయిదుకు రెండు, ప్రభుత్వం నోటి నుంచి తేదీతో సహా జవాబు రాబట్టే సాధనంగా అయిదుకు నాలుగు.

రెండో కిటికీ దగ్గరే జనం ఎక్కువ మోసపోతారు. మోసం ఎవరూ చేయరు, పేర్లు అలా ఉన్నాయి. మానవ హక్కుల మండలి వేరు, మానవ హక్కుల కమిటీ వేరు. మండలిలో 47 దేశాల ప్రభుత్వాలు కూర్చుంటాయి. కమిటీలో 18 మంది నిపుణులుంటారు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసేది కమిటీ. ఒక్క మనిషి తన దేశం మీద ఫిర్యాదు చేసుకుని తీర్పు లాంటి అభిప్రాయం పొందగలిగేది ఇలాంటి ఒడంబడిక కమిటీల దగ్గరే. ఈ రంగం మొత్తాన్ని మలుపు తిప్పిన కేసు కూడా ఇక్కడిదే. ఆస్ట్రేలియాలోని టాస్మానియా రాష్ట్ర చట్టం మీద నికలస్ టూనెన్ వేసిన 488/1992 నంబరు ఫిర్యాదు. 1994 మార్చి 31న కమిటీ అభిప్రాయం చెప్పింది. ఆయన మీద కేసు పెట్టలేదు, అరెస్టు చేయలేదు. చట్టం పుస్తకంలో ఉండటమే 17వ అధికరణం ఇచ్చిన ఏకాంత హక్కుకు భంగమంది. హెచ్ఐవీ అరికట్టడానికి ఈ చట్టం కావాలన్న టాస్మానియా వాదనను కూడా ఒప్పుకోలేదు. దీన్ని నేరంగా చూస్తే మనుషులు దాక్కుంటారు, వైద్యానికి దూరమవుతారు అంది. అదే ఏడాది ఆస్ట్రేలియా పార్లమెంటు చట్టం చేసింది, టాస్మానియా 1997లో తన సెక్షన్లు తీసేసింది.

ఈ కథ చదివి చాలామంది ఫిర్యాదు ఫారం దించుకుంటారు. ఆగండి. ఆ ఫిర్యాదు వేయాలంటే ఆ దేశం ఐచ్ఛిక ప్రోటోకాల్ అనే అదనపు ఒప్పందంలో చేరి ఉండాలి. భారత్ 1979 ఏప్రిల్ 10న ఒడంబడికలో చేరింది గానీ ప్రోటోకాల్‌లో చేరలేదు. కువైట్ కూడా అంతే. మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందానికి ఇలాంటి ప్రోటోకాల్ ఉంది, అందులోనూ భారత్ లేదు. పక్కనున్న శ్రీలంక చేరింది కాబట్టే అక్కడి హక్కుల కార్యకర్త రోసన్నా ఫ్లేమర్-కల్దేరా ఆ ఒప్పందం అమలును చూసే కమిటీకి పోగలిగింది. శ్రీలంక శిక్షాస్మృతిలోని 365ఏ సెక్షన్‌ను 1995లో సవరించి, మగవాళ్లకే ఉన్న నేరాన్ని ఆడవాళ్లకూ చుట్టారు. అది ఒప్పందానికి విరుద్ధమని కమిటీ 2022లో చెప్పింది. స్వలింగ సంబంధంలో ఉన్న ఆడవాళ్లను నేరస్తులను చేయడం హక్కుల ఉల్లంఘన అని ఐరాస కమిటీ ఒక వ్యక్తిగత ఫిర్యాదులో చెప్పడం అదే మొదలు. ఇండియా మీదా కువైట్ మీదా కడప మనిషికి ఈ కిటికీ మూసే ఉంది. సున్నా మార్కులు, సేవ చెడ్డదై కాదు, మన సంతకం లేక. పూరించి పంపితే మీ ఓపిక తప్ప ఏమీ మిగలదు.

మూడోది ప్రత్యేక నిపుణులు. లైంగికత, జెండర్ గుర్తింపు కారణంగా జరిగే హింస, వివక్షలపై ఒక స్వతంత్ర నిపుణుడి పదవిని మండలి 2016 జూన్ 30న ఏర్పాటు చేసింది. అనుకూలం 23, వ్యతిరేకం 18, ఓటు వేయనివి ఆరు. వేయనివాటిలో భారత్ ఒకటి. మూడేళ్లకోసారి పదవిని పొడిగిస్తూ వస్తున్నారు. దీనితోపాటు నిర్బంధాలపై పనిచేసే అయిదుగురు నిపుణుల బృందం ఒకటుంది, అకారణ నిర్బంధాల కార్యబృందం. కడప నుంచి కువైట్ పోయిన కుర్రవాడు 193 కింద లోపలున్నాడంటే తట్టాల్సినవి ఈ రెండు తలుపులే. ఇక్కడ ప్రోటోకాల్ అవసరం లేదు, ఏ దేశం మీదైనా పోవచ్చు. అక్కడి కోర్టులన్నీ తిరిగొచ్చాకే రావాలన్న షరతూ లేదు. స్వలింగ సంబంధం కారణంగా మనిషిని బంధించడం అకారణ నిర్బంధమే అని కార్యబృందం ఈజిప్టు కేసులో 2002లోనే, 7/2002 అభిప్రాయంలో తేల్చింది. ఆ అభిప్రాయం నంబరు మీ అర్జీలో తప్పకుండా రాయండి.

రాసే తీరు మీద ప్రాణాలు ఆధారపడతాయి, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాం. నిపుణులు మీ అర్జీ ఆధారంగా ఒక ఉత్తరం రాసి ఆ దేశ ప్రభుత్వానికే పంపుతారు. అంటే మీరు రాసింది పట్టుకెళ్లినవాళ్ల చేతికే పోతుంది. మావాడికి ఫలానా మనిషితో సంబంధం ఉంది, ఆ కారణంగా పట్టుకున్నారు అని రాస్తే, ఇంటివాళ్లే ఒప్పుకున్నట్టు అక్కడి ప్రాసిక్యూటరుకు సాక్ష్యం ఇచ్చినట్టు. ఫలానా తేదీన, ఫలానా చోట, 193 కింద ఆరోపణతో పట్టుకున్నారు అని రాయాలి. ఆరోపణ అన్న మాట ప్రతిచోటా ఉండాలి. రెండో మనిషి పేరు ఎక్కడా రాకూడదు. వాట్సాప్ సందేశాల ఫొటోలు జత చేయకూడదు.

ఉండాల్సినవి: పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, పుట్టిన తేదీ, పట్టుకున్న తేదీ, సమయం, స్థలం, యూనిఫాంలో వచ్చారా సివిల్ దుస్తుల్లోనా, వారంటు చూపించారా, మొదట ఎక్కడ ఉంచారు, ఇప్పుడెక్కడ, వకీలు ఉన్నాడా, దుబాసీని ఇచ్చారా, ఏ భాషలో ఉన్న కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఈ చివరి రెండూ మనవాళ్ల కేసుల్లో చాలా ముఖ్యం. అరబ్బీ చదవలేని మనిషి అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టాడంటే, నేరం సంగతి ఎలా ఉన్నా విచారణే చెల్లదని వాదించడానికి అది గట్టి ఆధారం.

ఫారంలో సమ్మతి గళ్లుంటాయి. బాధితుడి పేరు ప్రభుత్వానికి చెప్పొచ్చా అన్నది ఒకటి, బహిరంగ నివేదికలో వేయొచ్చా అన్నది ఇంకొకటి. లోపలున్న మనిషిని విడిపించమని అడగాలంటే మొదటిదానికి అవుననక తప్పదు. రెండోదానికి కాదనండి. లేదంటే ఇంటి పేరుతో సహా ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉండిపోతుంది, ఆ మనిషి తిరిగొచ్చాక ఊళ్లో బతకాలి. బాధితుడి సంతకం తేవడం కుదరకపోతే కుటుంబం సమ్మతి ఇవ్వొచ్చు. అర్జీ పంపినవాళ్లెవరో ప్రభుత్వానికి చెప్పరు. అయినా కువైట్‌లో ఉన్న స్నేహితుడి ఫోన్ నుంచి పంపించకండి, ఇక్కడి నుంచే పంపండి.

ఈ మూడో కిటికీకి అయిదుకు మూడున్నర ఇస్తాం. అత్యవసర ఉత్తరం త్వరగా పోయే అవకాశముంది. కార్యబృందం మామూలు పద్ధతిలో అయితే ప్రభుత్వానికి 60 రోజుల గడువిస్తుంది, అడిగితే నెల దాకా పొడిగిస్తుంది. ఆ తర్వాత అభిప్రాయం రావడానికి నెలలు పడుతుంది. కుర్రవాణ్ని ఈలోపే దేశం నుంచి పంపేస్తే, అర్జీ ఆగిందనుకోకండి. నిర్బంధం ముగిసిన తర్వాత కూడా అభిప్రాయం చెప్పొచ్చు.

ఇదంతా రెండోరోజు పని. మొదటిరోజు పని భారత రాయబార కార్యాలయానికి చెప్పడం. 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, పట్టుబడిన విదేశీయుడు కోరితే ఆలస్యం లేకుండా అతని దేశ కాన్సులేటుకు తెలియజేయాలి. కోరితే అన్న షరతు గుర్తుంచుకోవాలి. లోపలున్న మనిషి నోరు విప్పి ఎంబసీకి చెప్పండి అనాలి. సిగ్గుతో, ఇంటికి తెలుస్తుందన్న భయంతో చాలామంది అనరు. పోయేముందే ఈ ఒక్క ముక్క నేర్పించి పంపితే మేలు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటివాళ్లు ఫిర్యాదు నమోదు చేయొచ్చు, నంబరు వస్తుంది. అందులో పట్టుబడ్డాడు, వకీలూ దుబాసీ కావాలి అని రాస్తే సరిపోతుంది, కారణం వివరంగా రాయనక్కర్లేదు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర పాస్‌పోర్టు ఉండిపోతే ఆ సంగతి తప్పకుండా రాయండి. పంపించేసే దశలో అదే ఎక్కువ రోజులు తినేస్తుంది.

నాలుగో కిటికీ, ఒడంబడికల కమిటీలు దేశాల నివేదికలను సమీక్షించేటప్పుడు సంఘాలు పంపే ప్రత్యామ్నాయ నివేదిక. ప్రోటోకాల్ లేకపోయినా ఇది తెరిచే ఉంటుంది. కష్టమేమంటే వంతు రావడానికి పట్టే కాలం. మానవ హక్కుల కమిటీ ముందు భారత్ 1997 తర్వాత మళ్లీ కూర్చున్నది 2024 జూలైలో. ఇరవై ఏడేళ్లు. దీన్ని నమ్ముకుని ఏ పనీ మొదలుపెట్టలేం, వచ్చినప్పుడు వాడుకోవాలి.

జెనీవా కాగితాన్ని ఇక్కడ ఎలా వాడాలో తెలియకపోతే పడిన కష్టమంతా వృథా. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 2వ సెక్షన్ మానవ హక్కులను నిర్వచిస్తూ, రాజ్యాంగం ఇచ్చినవాటితోపాటు అంతర్జాతీయ ఒడంబడికల్లో ఉండి మన కోర్టులు అమలు చేయగలిగిన హక్కులను కూడా చేర్చింది. కాబట్టి స్టేషన్‌లో వేధించారని మానవ హక్కుల కమిషన్‌కు పోయేటప్పుడు రాజ్యాంగం 14, 15, 21 అధికరణాల పక్కన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 17, 26 అధికరణాలు రాయొచ్చు. ఇక్కడ భాష మనదే. జాతీయ కమిషన్‌కు తెలుగులో రాసినా తీసుకోవాలి, ఫీజు లేదు. పేరు లేని అర్జీలు తీసుకోరు. సంఘటన జరిగి ఏడాది దాటితే విచారించరు, అందుకే జెనీవా జవాబు వచ్చాక పోదామని ఆగకూడదు. ముందు ఇక్కడ వేయండి. రాష్ట్ర కమిషన్‌ను 2021లో కర్నూలులో ఏర్పాటు చేశారు. అక్కడికి పోయే ముందు బెంచి కూర్చుంటోందో లేదో ఫోన్‌లో కనుక్కోండి. ఒకే విషయం మీద రెండు కమిషన్లకూ వేస్తే, రాష్ట్ర కమిషన్ ముందున్నదాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు.

ఇద్దరు అమ్మాయిలు ఇల్లు వదిలి వచ్చి, అటు మిస్సింగ్ కేసు కట్టి, ఒకరిని ఇంట్లో బంధించారనుకోండి. దానికి జెనీవా పనికిరాదు. హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్, వేయాలి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు. 2024 మార్చి 11న సుప్రీంకోర్టు హైకోర్టులకు ఇచ్చిన మార్గదర్శకాలు ఈ పిటిషన్‌కు జత చేయండి. ఇలాంటి కేసులను వాయిదాలు వేయకుండా వినాలి, ఆ మనిషితో ఏకాంతంగా, భయం లేని చోట మాట్లాడాలి, ఇద్దరి మధ్య సంబంధం ఏమిటని తవ్వకూడదు, మనసు మార్చడానికి కౌన్సెలింగుకు పంపకూడదు అని అందులో ఉంది. 2024 డిసెంబరులో మన రాష్ట్ర హైకోర్టే ఇద్దరు మేజర్ యువతులు కలిసి బతికే హక్కును నిలబెట్టింది. ఈ రెండు తీర్పుల నకళ్లు చేతిలో ఉంటే స్టేషన్ దగ్గర మాట తీరు మారుతుంది. యూపీఆర్ పట్టిక అక్కడ ఎవరూ చూడరు.

జెనీవాకు పంపినవాళ్లు చివరగా ఒకటి చేయాలి. నిపుణులు ప్రభుత్వాలకు రాసిన ఉత్తరాలు 60 రోజులు దాటాక, జవాబుతో సహా, వాళ్ల వెబ్‌సైట్‌లో బయటికొస్తాయి. దేశం పేరుతో వెతికితే దొరుకుతాయి. ఉత్తరం కింద జవాబు లేకపోతే లేదనే కనబడుతుంది. ఉంటే, ప్రభుత్వం ఏ తేదీన పట్టుకున్నామంది, ఏ అధికరణం పేరు చెప్పింది అన్నవి మీ అర్జీతో పక్కపక్కన పెట్టి చూడండి. తేదీల్లో తేడా వస్తే, ఆ తేడా ఉన్న రోజుల్లో మనిషి ఏ రికార్డులోనూ లేనట్టే. నిపుణులకు మళ్లీ రాసేటప్పుడు ఆ రోజుల లెక్కతోనే మొదలుపెట్టండి.